గోదావరి రోడ్డులో పిల్లల ఇల్లు

2011లో దసరా వెళ్ళిన వారానికి విజయవాడలో రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మాది రాజమండ్రి. బీఎడ్ చేసి ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని, ఉన్నట్టుండి ఉద్యోగం మానేసి నేపాల్లో పిల్లల హోముకి వాలంటీరుగా వెళ్తానంటే ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. "మన దగ్గర లేరా పిల్లలు?" అన్నారు నాన్న. ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ నాతో చదివిన స్నేహితురాలి అక్క కాఠ్మాండూలో ఆ పనిలోనే ఉంది. హిందీ వచ్చిన టీచరు కావాలని అడిగింది. నాకు వెళ్ళాలని గట్టిగా అనిపించింది. అమ్మ టెన్షన్ పడుతూనే ఆవకాయ, కందిపొడి, రెండు స్వెట్టర్లు సర్ది పంపింది.

గోరఖ్‌పూర్‌లో దిగి, సునౌలీ దగ్గర సరిహద్దు నడుచుకుంటూ దాటి, అక్కణ్ణుంచి బస్సు. మనకి వీసా అక్కర్లేదు, వాచీ మాత్రం పావుగంట ముందుకు తిప్పుకోవాలి. నారాయణ్‌ఘాట్ దాటాక ఇక అంతా కొండదారి. పక్కనే లోయలో త్రిశూలి నది. కిటికీ పక్క సీటు దొరికినా ఆ మలుపులకి సగం దారి కళ్ళు మూసుకునే కూర్చున్నాను.

మా హోము కాఠ్మాండూ పక్కనే ఉన్న లలిత్‌పూర్ నుంచి గోదావరికి వెళ్ళే రోడ్డు మీద ఉండేది. అవును, ఆ ఊరి పేరు గోదావరే. లగన్‌ఖేల్ బస్టాండులో కండక్టరు కుర్రాడు "గోదావరీ, గోదావరీ" అని కేకలు పెడుతుంటే రాజమండ్రి పిల్లకి ఎలా ఉంటుందో చెప్పాలా! అక్కడ ఫుల్‌చోకీ కొండ కింద ఒక ఊట ఉంది. దక్షిణాది గోదారి నీళ్ళే అక్కడ పైకి వచ్చాయని వాళ్ళ నమ్మకం. మనకి పుష్కరాలు వచ్చినట్టే వాళ్ళకీ పన్నెండేళ్ళకోసారి అక్కడ పెద్ద మేళా జరుగుతుంది. నేను ఫలానా గోదారి ఒడ్డు నుంచి వచ్చానని తెలిశాక మా వీధి చివర కిరాణా కొట్టు ముసలాయన నాకు నమస్కారం పెట్టడం మొదలుపెట్టాడు.

మూడంతస్తుల ఇటుకల ఇల్లు, ముందు చిన్న పెరడు, పైన డాబా. ఇరవై మందికి పైగా పిల్లలు. వంటా, ఇల్లూ, పిల్లలూ అన్నీ చూసుకునే ఆవిణ్ణి అందరూ ఠూలీ ఆమా అనేవాళ్ళు, అంటే పెద్దమ్మ. యాభై ఏళ్ళుంటాయి. కావ్రే వైపు పల్లెటూరి మనిషి, సన్నగా ఉండేది, గొంతు మాత్రం వీధి చివరికి వినపడేది. నన్ను "నానీ" అని పిలిచేది. అక్కడ చిన్నపిల్లల్ని ముద్దుగా అలా పిలుస్తారు. పిల్లలకి నేను "దిదీ", హోంవర్కు దగ్గర కూర్చున్నప్పుడు "మిస్".

నేను చేసిందేమిటి అంటే పెద్దగా ఏం లేదు. పొద్దున ఐదున్నరకి లేచి ఠూలీ ఆమాతో కూరగాయలు తరిగేదాన్ని. అక్కడ తొమ్మిదింటికే పప్పన్నం తినేసి బడికి వెళ్తారు. మళ్ళీ సాయంత్రం వచ్చాక అటుకులు, రాత్రికి మళ్ళీ పప్పన్నం. మధ్యాహ్నం ఆఫీసు గదిలో రిజిస్టర్లు రాసేదాన్ని. సాయంత్రం లెక్కలు, ఇంగ్లీషు. అప్పట్లో చలికాలం వచ్చిందంటే రోజుకి 14 గంటల దాకా కరెంటు కోత. ఊరంతటినీ ఏడు గ్రూపులు చేసి టైము టేబుల్ ఇచ్చేవాళ్ళు. మా పిల్లలకి ఎక్కాలు రాకపోయినా ఆ టైము టేబుల్ కంఠతా వచ్చు. "ఇవాళ మంగళవారం మిస్, ఎనిమిదింటికి వస్తుంది" అని ఆరేళ్ళ పిల్ల చెప్పేది. ఎనిమిది దాకా ఒక్క ఎమర్జెన్సీ లైటు చుట్టూ అందరం. చివర కూర్చున్నవాడి పుస్తకం మీదకి వెలుగు రాదని గొడవ. రోజూ ఇదే.

శనివారాలు వేరు. అప్పట్లో అక్కడ సెలవు శనివారం, ఆదివారం బడి ఉండేది. శనివారం పొద్దున్నే డాబా మీద బకెట్లు, సబ్బులు, చాపలు. ఎండ కాస్త ముదిరాక తలంట్లు. తర్వాత ఆవనూనె. ఆడపిల్లల్ని వరసగా ఒకరి ముందు ఒకరిని కూర్చోబెట్టి, వెనకామె ముందామె తలలో పేలు చూడాలి. అందరికంటే వెనక ఠూలీ ఆమా. ఆ వరసలో నన్నూ కూర్చోబెట్టేశారు, నా జడ విప్పేసి మరీ. సిరక్‌లు, అంటే వాళ్ళ దూది రజాయిలు, పిట్టగోడ మీద ఆరేసి ఉండేవి. వాటి మీద పిల్లలు ఎక్కకుండా కాపలా కాయడం ఒక పెద్ద డ్యూటీ. చలికాలపు శనివారాల్లో పంపరపనస వలిచేవాళ్ళు. తొనలు విడదీసి, పెరుగు, పంచదార, కారం, వేయించిన నువ్వుల పొడి వేసి, ఆవనూనెలో మెంతులు నల్లబడేదాకా కాచి పసుపు వేసి పోపు పెడతారు. మొదటిసారి తిన్నప్పుడు ఇది మన పెరుగు పచ్చడి కదా అనుకున్నాను. పెద్ద గిన్నె చుట్టూ కూర్చుని అందరూ ఒకే గిన్నెలోంచి చేతుల్తో తినేవాళ్ళం. అది తింటూ ఎండలో కూర్చుంటే ఉత్తరాన మంచుకొండలు కనిపించేవి. పిల్లలు మాత్రం ఎవరూ అటు చూసేవాళ్ళు కాదు. గిన్నెలో ఎన్ని తొనలు మిగిలాయన్నదే వాళ్ళ గోల.

ఇంత సందడిగా ఉండే ఆ ఇంట్లో, ఆఫీసు గది బీరువాలో కొన్ని ఫైళ్ళు ఉండేవి.

నేపాల్లో 1996 నుంచి 2006 దాకా మావోయిస్టుల యుద్ధం జరిగింది. దూరపు కొండ జిల్లాల్లో, ముఖ్యంగా పడమటి మూల టిబెట్ సరిహద్దులో ఉన్న హుమ్లా లాంటి చోట, పిల్లల్ని దళాల్లోకి లాక్కుపోతారని తల్లిదండ్రులకి భయం. ఆ భయాన్ని పట్టుకుని దళారులు ఊళ్ళలోకి వెళ్ళారు. "కాఠ్మాండూలో బోర్డింగ్ స్కూల్లో వేస్తాం, మంచి చదువు, మంచి తిండి" అని చెప్పి, ఎదురు డబ్బులు తీసుకుని మరీ పిల్లల్ని పట్టుకొచ్చారు. గొర్రెలు అమ్మి ఇచ్చినవాళ్ళున్నారు, పొలం తాకట్టు పెట్టి ఇచ్చినవాళ్ళున్నారు. ఇక్కడికొచ్చాక ఆ పిల్లలు అనాథలు అయిపోయారు. అనాథలంటే చందాలు వస్తాయి, విదేశాల నుంచి చూడటానికి మనుషులొస్తారు. నేపాల్ హోముల్లో ఉన్న పిల్లల్లో 85 శాతం మందికి తల్లో తండ్రో ఒక్కరైనా బతికే ఉన్నారని యూనిసెఫ్ చెప్పిన మాట నేను తర్వాత చదివాను. హోముల్లో ఎక్కువ భాగం కూడా కాఠ్మాండూ లోయ, పోఖరా, చిత్వన్ లాంటి టూరిస్టులు తిరిగే చోట్లే ఉండేవి. పేదరికం ఎక్కువున్న కొండ జిల్లాల్లో కాదు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించే సంగతి ఇది.

మా ఇంట్లో ఉన్నవాళ్ళు అలాంటి చోట్ల నుంచి విడిపించి తెచ్చిన పిల్లలు. వాళ్ళ అమ్మానాన్నల్ని వెతికి పట్టుకోవడం ఆ హోము అసలు పని. అందుకే అక్కడ నియమాలు గట్టిగా ఉండేవి. చూసి పోదామని వచ్చేవాళ్ళకి గేటు తీయరు. పిల్లల ఫొటోలు తీయకూడదు. వాలంటీరు అంటే పిల్లలకి కాదు, అక్కడ పనిచేసేవాళ్ళకి సాయంగా రావాలి, వస్తే నెలల తరబడి ఉండాలి.

ఒకసారి ఓ వ్యాను నిండా విదేశీ టూరిస్టులు చాక్లెట్లు, బొమ్మలు పట్టుకుని వచ్చారు. మంచి మనసుతోనే వచ్చారు, అందులో అనుమానం లేదు. ఠూలీ ఆమా గేటు దగ్గరే నిలబడి, నా చేత ఇంగ్లీషులో చెప్పించి పంపేసింది. నాకు మనసు చివుక్కుమంది. లోపలికొచ్చాక అడిగాను, ఓ గంట ఆడుకుని వెళ్తే ఏమవుతుంది అని.

ఆవిడ ముల్లంగి తరుగుతూ చెప్పింది. "నానీ, మీ ఇళ్ళల్లో మూడేళ్ళ పిల్లాడు కొత్తవాళ్ళొస్తే ఏం చేస్తాడు?"

"అమ్మ వెనక దాక్కుంటాడు."

"మన కాంఛా ఏం చేస్తాడు?"

నేను మాట్లాడలేదు. కాంఛా అంటే చిన్నోడు. నాలుగేళ్ళుంటాయి. నేను వచ్చిన మొదటి రోజు బ్యాగు కింద పెట్టకముందే వచ్చి మెడకి చుట్టుకుని దిగలేదు. ఎంత ప్రేమో అని ఇంటికి ఫోను చేసి అమ్మకి కూడా చెప్పాను. వాడు గ్యాసు బండ తెచ్చేవాడి చంక కూడా ఎక్కేవాడు, కరెంటు మీటరు చూసేవాడి చంకా ఎక్కేవాడు.

"దాక్కోవడానికి వెనక ఎవరో ఒకరు ఉండాలి కదా" అంది ఠూలీ ఆమా. అని మళ్ళీ ముల్లంగి మీదకి వంగింది.

అప్పట్నుంచి కాంఛా ఎత్తుకోమని వస్తే, ముందు ఠూలీ ఆమా దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. వాడికి అన్నం ఆవిడే పెట్టేది, రాత్రి పక్కలో ఆవిడే పడుకోబెట్టుకునేది. ఇంట్లో పనంతా నేనూ, ఇంకో అమ్మాయీ నెత్తిన వేసుకుంటే ఆవిడకి వాడితో కూర్చునే తీరిక దొరికేది. నేను చేసిన అసలు వాలంటీరు పని అదేనని నా ఉద్దేశం. అంట్లు తోమడం. మాఘమాసంలో కాబోలు, ఒక పొద్దున గ్యాసు బండ వచ్చింది. ఠూలీ ఆమా పరుగెత్తుకుంటూ డాబా మీదకి వచ్చి నా చేయి పట్టుకుని కిందకి లాక్కెళ్ళింది. కాంఛా వంటింటి తలుపు వెనక నిలబడి, ఆవిడ రాగానే చీర కుచ్చిళ్ళు పట్టుకుని మొహం దాచేసుకున్నాడు. ఆవిడ నవ్వుతోంది, కళ్ళనిండా నీళ్ళు. బండ తెచ్చిన కుర్రాడికి పాపం ఏమీ అర్థం కాలేదు, వాడికి ఆ రోజు టీ ఇచ్చి పంపింది.

ఇక మాయిలీ సంగతి చెప్పాలి. రెండో ఆడపిల్లని అక్కడ మాయిలీ అంటారు. పదేళ్ళ పిల్ల, మాట తక్కువ. హుమ్లా నుంచి తెచ్చినప్పుడు నాలుగైదేళ్ళది. అమ్మ వీపు మీద కట్టుకున్న తమ్ముడు ఒక్కడే తనకి గుర్తున్నాడు. ఊరి పేరు కూడా సగమే గుర్తు.

నేను వెళ్ళిన కొద్ది రోజులకే తిహార్ వచ్చింది, మన దీపావళి. చివరి రోజు భాయ్ టీకా. మనకి యమ విదియ నాడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ ఇంట భోజనం చేసే ఆచారం ఉంది కదా, అదే రోజు. అక్కడ అయితే చాలా పెద్ద పండగ. అన్నదమ్ముల్ని వరసగా కూర్చోబెట్టి, చుట్టూ నూనె ధార పోసి, నుదుట ఏడు రంగుల బొట్టు పెట్టి, మెడలో బొగడబంతి దండ వేస్తారు. ఆ పువ్వు వాడిపోదు, అందుకే దాన్నే వేస్తారు. గుమ్మం దగ్గర అక్రోటు కాయ పగలగొడతారు. మా ఇంట్లో అక్కాతమ్ముళ్ళు అయినా కాకపోయినా ఆడపిల్లలందరూ మగపిల్లలందరికీ పెట్టారు. మాయిలీ కూడా అందరికీ పెట్టింది. అయితే తను రాత్రి కూర్చుని ఒక దండ ఎక్కువ గుచ్చింది. పండగ అయ్యాక దాన్ని తన మంచం పైన మేకుకి తగిలించింది. ఎవరికని ఎవరూ అడగలేదు.

వెతికే పని చేసే ఆయన్ని మేం దాయ్ అనేవాళ్ళం, అంటే అన్న. పొట్టిగా, బక్కగా ఉండేవాడు. ఏడాదిలో సగం రోజులు నడకలోనే ఉండేవాడు. ఆ రోజుల్లో హుమ్లాకి రోడ్డు లేదు. కాఠ్మాండూ నుంచి రాత్రంతా బస్సులో నేపాల్‌గంజ్, అక్కణ్ణుంచి చిన్న విమానంలో సిమీకోట్, తర్వాత కాలినడక. జేబులో పిల్లల ఫొటోలు. దారిలో టీ కొట్టులో, బడిలో, కనపడ్డ ప్రతివాళ్ళకీ చూపించడం. చైత్రంలో మంచు కరిగాక ఆయన బయల్దేరుతుంటే మాయిలీ మేకు మీది దండ తీసి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి ఇచ్చింది. "నా ఊరు దొరికితే తమ్ముడికివ్వు, దొరక్కపోతే వెనక్కి తెచ్చెయ్" అంది.

నెల దాటాక దాయ్ వచ్చాడు, మొహం ఎండకి నల్లగా కమిలిపోయి. కెమెరాలో ఒక ఫొటో చూపించాడు. ఆరేడేళ్ళ పిల్లాడు, చిరిగిన స్వెట్టరు, ఎండకి కళ్ళు చికిలించాడు. మెడలో బొగడబంతి దండ, బొడ్డు దాకా వేలాడుతోంది. రంగు కొంచెం వెలిసింది, అంతే. మాయిలీ ఆ చిన్న తెరని చాలాసేపు చూసింది. "నడుస్తున్నాడా?" అని అడిగింది. వీపు మీద పిల్లాడే కదా తనకి తెలిసింది.

వానలు మొదలవకముందు వాళ్ళ నాన్న వచ్చాడు. ఆయన వచ్చే ముందు రోజు రిజిస్టరులో ఎక్కించడానికి మాయిలీ ఫైలు తీశాను. అందులో ఒక కాగితం ఉంది. తండ్రి మరణించినట్టు ధ్రువీకరణ, తేదీ, గుండ్రటి ముద్ర అన్నీ సరిగ్గా ఉన్నాయి. దళారి పుట్టించిన కాగితం. మర్నాడు ఆ మనిషే మా వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. పక్కన గుడ్డసంచీ.

మాయిలీ బడి నుంచి వచ్చింది. బ్యాగు వీపునే ఉంది. "మీ నాన్న" అంది ఠూలీ ఆమా. మాయిలీ రెండు చేతులూ జోడించి నమస్తే పెట్టింది, ఇంటికొచ్చిన పెద్దవాళ్ళకి పెట్టమని మేం నేర్పినట్టే. ఆయన కంగారుగా లేచి నిలబడి, కన్నకూతురికి తిరిగి నమస్తే పెట్టాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

సంచీలో అక్రోట్లు, ఒక మూటలో సన్నటి పసుపు గింజలు. ఠూలీ ఆమా చేటలో పోయగానే గుర్తుపట్టాను. కొర్రలు! వాళ్ళు కాగునో అంటారు. ఆ కొండల్లో వరి పండేది తక్కువ, కొర్రలూ వరిగలే తిండి. మా నాయనమ్మ వండేదని చెప్తే ఆయన మొదటిసారి నవ్వాడు. ఆ రాత్రి అవే వండాం. తెల్లన్నం అలవాటైన పిల్లలు మొహాలు చిట్లించారు. మాయిలీ మాత్రం పెట్టినదంతా తినేసింది. నాన్నకి ఎదురుగా కూర్చుంది కానీ పక్కన కూర్చోలేదు.

కన్నవాళ్ళని చూడగానే పిల్లలు పరుగెత్తి వాటేసుకుంటారనుకుంటాం. అలా జరగదు. ఆయన మాట్లాడే కర్ణాలీ యాస, అంటే హుమ్లా వైపు యాస, మాయిలీకి సగం అర్థమయ్యేది కాదు. ఆయన ఊరికే కూర్చోలేక పెరట్లో కట్టెలు కొట్టాడు, గేటు బందు ఊడితే బిగించాడు, డాబా మెట్ల దగ్గర రాళ్ళు సరిచేశాడు. మాయిలీ ఆయనకి నాలుగడుగుల దూరంలో తిరిగేది. తర్వాత మేకులు అందించింది. ఓ సాయంత్రం హోంవర్కుకి రాలేదేమా అని వెతుక్కుంటూ వెళ్తే, వరండాలో ఆయన పక్కన కూర్చుని ఇంగ్లీషు వాచకం పైకి చదువుతోంది. ఆయనకి చదువు రాదు. ప్రతి వాక్యానికీ తలూపుతున్నాడు. ఒక చేయి ఆ పిల్ల జడ చివర పట్టుకుని ఉంది.

వెంటనే పంపేయలేదు. దసరాకి ఒకసారి ఊరు తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి, పరీక్షలయ్యాక పూర్తిగా పంపాలని దాయ్ ప్లాను. ఆ దసరాకే నేనూ వచ్చేశాను. ఇంట్లో పెళ్ళి సంబంధాలు, మళ్ళీ ఉద్యోగం. బయల్దేరిన రోజు గురించి రాయడానికి ఏమీ లేదు, అందరం బాగా ఏడ్చాం.

2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చినప్పుడు టీవీలో లలిత్‌పూర్ గుళ్ళు కూలి ఉండటం చూసి కాళ్ళూ చేతులూ ఆడలేదు. 7.8 తీవ్రత, దాదాపు తొమ్మిది వేల మంది పోయారు. ఫోన్లు కలవలేదు. చివరికి దాయ్ మెసేజ్ పెట్టాడు, అందరూ క్షేమం, ఇంటికి బీటలు వచ్చాయి, ఎదురు పొలంలో టార్పాలిన్ కింద పడుకుంటున్నాం అని. అది శనివారం, మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. బడి లేదు. దేశంలో వేల బడులు దెబ్బతిన్నాయి, ఆ వేళకి వాటిలో పిల్లలు లేరు. మా వాళ్ళు పెరట్లో బట్టలు ఉతుక్కుంటున్నారట. భూకంపం హడావిడిలో దళారులు మళ్ళీ పిల్లల్ని ఎత్తుకుపోతారని ప్రభుత్వం తల్లిదండ్రులు తోడు లేకుండా పిల్లల్ని జిల్లా దాటించకూడదని ఆపేసింది. ఈ మాట దాయ్ చెప్తే ఎంత ధైర్యంగా అనిపించిందో. ఆ జూలైలో మాకు గోదారి పుష్కరాలు, ఆ ఏడే వాళ్ళ గోదావరిలోనూ మేళా. బీటలు పడ్డ ఇంట్లోకి ఇంకా వెళ్ళకుండానే ఠూలీ ఆమా పిల్లలందరినీ వెంటేసుకుని వెళ్ళి స్నానం చేయించి తెచ్చింది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. అంటే ఇల్లు ఉంది, అద్దెకి వేరేవాళ్ళున్నారు. పిల్లలు ఒక్కొక్కరే ఊళ్ళకి చేరారు. ఇప్పుడు ఆ హోము నడిపినవాళ్ళు పిల్లల్ని తెచ్చి పెట్టుకోవడం మాని, ఊళ్ళోనే చదివించడానికి ఫీజులూ పుస్తకాలూ ఇస్తున్నారు. వాళ్ళకి బడి సంవత్సరం వైశాఖంలో మొదలవుతుంది కాబట్టి మన ఉగాది నాటికి నేనూ, మా ఆయనా చేతనైనంత పంపుతాం. మాయిలీ నర్సింగ్ చదివి హుమ్లాలోనే పనిచేస్తోంది. తమ్ముడు ఆమెకంటే జానెడు పొడుగు.

కాంఛా వాళ్ళ ఊరు మాత్రం దొరకలేదు. వాడి ఫైల్లో పేరు తప్ప నిజమైనది ఏదీ లేదు. ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఠూలీ ఆమా అనుమతి కాగితాలు చేయించుకుని వాణ్ణి కావ్రేలో తన ఊరికి తీసుకెళ్ళింది. ప్లస్ టూ పూర్తి చేశాడు, కామర్స్. అకౌంట్స్‌లో డౌటు వస్తే నాకు వీడియో కాల్ చేస్తాడు. నాకు రాకపోతే మా ఆయన్ని పిలవమంటాడు. వెనకాల ఠూలీ ఆమా గొంతు వినిపిస్తూ ఉంటుంది, నానీని ముందు అన్నం తిన్నావా అని అడగరా, తర్వాత లెక్కలడుగు అని.